గోళ్ళరంగు వేసిన స్క్రూలు

3, మంగళవారం

ఈ డైరీ లెన్సుల కంపెనీవాళ్ళు ఏడాది మొదట్లో మా కళ్ళజోళ్ళ షాపుకి పంపింది. ఇన్నాళ్ళూ బల్ల సొరుగులో ఊరికే పడి ఉంది. ట్రైలర్ రిపేరు వివరాలు ఎప్పటికప్పుడు రాసుకుంటే మంచిదని బయటికి తీశాను. ఏ స్క్రూ ఎక్కడిదో తర్వాత గుర్తుండి చావదు. రిపేరు సంగతులు తప్ప ఇందులో వేరే ఏమీ రాయబోవడం లేదు.

బండి పరిస్థితి ఇదీ. కారు వెనక తగిలించుకుని లాక్కుపోయే చిన్న ఇల్లు. పాతదే, కానీ కప్పు కారదు. లోపల ఎడమ గోడకి కరెంటు మీదా గ్యాస్ మీదా నడిచే ఫ్రిజ్, దాని పక్కన గట్టు మీద గ్యాస్ పొయ్యి, పొయ్యి పైన గూట్లో మైక్రోవేవ్. మూడూ గోడలో కలిపి బిగించినవే. మూడూ వదులే. పోయిన వారం మొదటిసారి ప్రయాణం పెట్టుకుంటే కొండ మలుపుల దగ్గర ఫ్రిజ్ గూట్లోంచి బెత్తెడు బయటికొచ్చింది. పొయ్యి వంకర తిరిగింది. మైక్రోవేవ్ మొత్తానికే ఊడిపడింది. మేమిద్దరం ముందు కారులో ఉన్నాం కాబట్టి దెబ్బలేమీ తగల్లేదు. బండి ఆపి తలుపు తీసి చూస్తే అది మా ఆవిడ చెప్పుల మీద బోర్లా పడి ఉంది. ఆవిడ దాని కిందనుంచి చెప్పులు లాక్కుని, దులిపి, వేసుకుని వెళ్ళి కారులో కూర్చుంది. "ఇంటికి పోదాం పదండి" అంది.

ఇంటికొచ్చాక, "నాకు కొన్నాళ్ళు ఒక్కదాన్నే కూచుని ఆలోచించుకోవాలనుందండీ" అంది. సరే, ఈలోగా నేను బండి సంగతి చూస్తానన్నాను. మా వీధిలో బండికి చోటు లేదు. అందుకని మా బావమరిది టింబర్ డిపోలో దుంగల పక్కన పెట్టించాను. వాళ్ళ ఇల్లూ ఆ ఆవరణలోనే. నేనూ ఇందులోనే ఉంటున్నాను. మంచం ఉంది, కుళాయి ఉంది, షాపు దగ్గర. రోజూ ఇంటినుంచి వచ్చిపోవడం ఉత్త టైం దండగ.

గొడవేమీ కాలేదు. ఇది రాయడం ఎందుకంటే, మా బావమరిది భార్య నన్ను చూసినప్పుడల్లా ఎవరో పోయినవాళ్ళింటికి వచ్చినట్టు మొహం పెడుతోంది.

4, బుధవారం

షాపు నుంచి వచ్చి పని మొదలుపెట్టాను. చిన్నప్పటినుంచీ నా బతుకు స్క్రూలతోనే. కాకపోతే నావి చీమ తలకాయంత ఉంటాయి, ఇవి వేలంత ఉన్నాయి. సూత్రం ఒకటే. మైక్రోవేవ్‌ని మళ్ళీ గూట్లోకి ఎక్కించి అన్నిటినీ చివరిదాకా బిగించాను.

కళ్ళజోడు స్క్రూ మళ్ళీ వదులవకుండా మేం చేసే పని ఒకటుంది. బిగించాక తల మీద ఒక చుక్క గోళ్ళరంగు వేస్తాం. ఆరిపోయి పట్టుకుంటుంది. షాపులో రంగులేనిది వాడతాం, అది అయిపోయింది. ఇంట్లో అద్దం దగ్గర ముదురు ఎరుపు సీసా ఒకటి కనిపిస్తే వచ్చేటప్పుడు సంచిలో వేసుకున్నాను. మూత కూడా తిప్పలేదు ఎవరూ. వాడనిదే కదా అని తెచ్చాను. ప్రతి స్క్రూకీ ఒక చుక్క పెట్టాను. లోపల అంతా బొట్లు పెట్టినట్టుంది గానీ, అందం ఎవడిక్కావాలి.

ఈ నెలాఖరుకి ఆవిడ ఆసుపత్రి నర్సు ఉద్యోగం నుంచి రిటైరవుతుంది. ఆలోగా బండి సిద్ధమైపోవాలి. ఆ తర్వాత ఎటు కావాలంటే అటు. ఆవిడకి ఒక్క మాట కూడా చెప్పకుండా బండి తెచ్చి గేటు ముందు నిలబెట్టిన రోజు ఆవిడ మొహం చూడాల్సింది. నోట మాట రాలేదు.

5, గురువారం

పొద్దున చూశాను, సాయంత్రం చూశాను. ఏదీ కదల్లేదు. గోళ్ళరంగు భేషుగ్గా పట్టింది.

7, శనివారం

బావమరిది వచ్చాడు. ఆవిడకి తమ్ముడు, నాకు చెవిలో జోరీగ. బండికి "చక్రాల కొంప" అని పేరు పెట్టి డిపోలో అందరికీ అలవాటు చేశాడు. ఏదీ కదల్లేదని చెబితే నవ్వాడు.

"నిలబెట్టిన బండిలో ఏం కదుల్తుంది బావా? నువ్వు కదిలించందే."

అని ఊరుకోకుండా మైక్రోవేవ్‌ని రెండు చేతులతో పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. "ఒరేయ్ ఒరేయ్" అనేలోపు అది వాడి ఒళ్ళోకి వచ్చేసింది. స్క్రూలు దానికే ఉన్నాయి, ఎర్ర చుక్కలతో సహా. ఒక్కో స్క్రూ చుట్టూ చిటికెడు చెక్కపొడి అంటుకుని ఉంది.

వాడు నా స్క్రూడ్రైవర్ తీసుకుని గూడు వెనక పలకని పొడిచాడు. పిడి దాకా దిగిపోయింది.

"ఇది చెక్క కాదు బావా. రంపంపొడి జిగురులో కలిపి అతికిన పలక. ఎప్పుడో తడిసింది కూడా. స్క్రూకేం రోగం లేదు, దివ్యంగా ఉంది. పట్టుకోడానికే అక్కడేం లేదు."

నిజమే. స్క్రూ తన పని తాను చేసింది. కళ్ళజోడులో ఇలా ఉండదు. అక్కడ అటు లోహం, ఇటు లోహం. స్క్రూ బాగుంటే అంతా బాగున్నట్టే. వెనక ఏముందో చూసే అలవాటే లేదు నాకు.

టీ తాగుతూ వాడు మామూలుగా అడిగాడు.

"ఇంతకీ అక్క ఏం తేల్చుకుందట?"

"దేని గురించి?"

వాడు నాలిక్కరుచుకున్నాడు. నేను వదల్లేదు. పక్క ఊరి నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పమని ఆవిడకి పిలుపొచ్చిందట. ఏడాదిపాటు అక్కడే ఉండాలట. ముప్పయ్యో తారీఖులోపు వెళ్తుందో లేదో చెప్పాలట. ఈ పిలుపు వచ్చి నెల దాటిందట.

"నీకు చెప్పలేదా?" అన్నాడు.

"చెప్పింది. మర్చిపోయాను" అన్నాను.

8, ఆదివారం

మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మెలా ఉంది నాన్నా?" అని నన్నడిగింది. బాగానే ఉందన్నాను. నాకేం తెలుసు.

ఆవిడ ఆ ఉద్యోగానికి ఒప్పుకోదు. ముప్పై ఏళ్ళు రాత్రీ పగలూ డ్యూటీ చేసిన మనిషి, మళ్ళీ నెత్తిన ఇంకొకటి ఎందుకు పెట్టుకుంటుంది? బండి సరిగ్గా ఉంటే చాలు. ఆ రోజు మైక్రోవేవ్ ఊడిపడకపోయి ఉంటే ఈపాటికి ఆ పిలుపు సంగతి ఆవిడే మర్చిపోయేది.

9, సోమవారం

షాపు. పొద్దుట్నుంచీ ఖాళీ లేదు. లెక్కల మాస్టారు మళ్ళీ వచ్చారు, కొత్త జోడు పెట్టుకుంటే తలనొప్పి వస్తోందని. కూర్చోబెట్టి, "ఎక్కడ నొక్కుతోందండీ? ముక్కు మీదా, చెవుల వెనకా?" అని అడిగాను. ఆయనకీ సరిగ్గా తెలియదు. ఎవరికీ తెలియదు. మొదట ముక్కంటారు, కాసేపు పోతే చెవంటారు, అసలు సంగతి కణతల దగ్గర ఉంటుంది. అందుకే తొందరపడకూడదు. పెట్టి, తీసి, వేడిచేసి, వంచి, మళ్ళీ పెట్టి, మళ్ళీ అడగాలి. ఆయనకి అరగంట పట్టింది. లేచి వెళ్తూ, "మా ఇంట్లో కూడా ఎవరూ ఇంత ఓపిగ్గా అడగరయ్యా" అన్నారు. ఈ మాట నాకు కొత్త కాదు, చాలామంది అంటారు. మా షాపు నిలబడిందే దాని మీద.

సాయంత్రం ఆవిడ నుంచి మెసేజ్. "మీ స్వెటర్ తమ్ముడి చేత పంపనా?"

"వద్దు. త్వరలో వచ్చేస్తున్నాగా" అని పెట్టాను.

చూసింది. జవాబు లేదు. డ్యూటీలో ఉండి ఉంటుంది.

11, బుధవారం

ఫ్రిజ్ పని. బావమరిది చెక్క పెట్టాలంటున్నాడు గానీ, వాడికి లోకంలో ప్రతిదానికీ మందు చెక్కే. నాకు వేరే ఆలోచన వచ్చింది. గూట్లో ఫ్రిజ్ చుట్టూ సందు ఉండబట్టే కదా అది కదులుతోంది? సందు లేకుండా చేస్తే సరి. షాపులో కళ్ళజోళ్ళ పెట్టెలతో వచ్చే థర్మోకోల్ ముక్కలు బస్తాడున్నాయి. వెనకా పక్కలా అన్నీ కూరాను. ఇప్పుడు గుద్దినా కదలడం లేదు.

12, గురువారం

పాలు విరిగాయి.

13, శుక్రవారం

ఇవాళా విరిగాయి. ఫ్రిజ్ వెనక చేయి పెడితే చుర్రుమంది. పోనీలే అని ఊరుకుందామనుకుంటే బావమరిది పసిగట్టాడు. వెనక జాలీ తీసి చూసి తల బాదుకున్నాడు.

"వెనకనుంచి గాలి ఆడితేనే అది చల్లబడేది. గొంతులో గుడ్డలు కుక్కి పాట పాడమంటే ఎట్లా బావా? దీన్నే గ్యాస్ మీద నడిపి ఉంటే కొంప అంటుకునేది."

థర్మోకోల్ అంతా పీకించాడు. పీకుతుంటే తెల్లటి పొడి బండి అంతటా ఎగిరింది. వాడి భార్య పలహారం గిన్నెతో వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అన్నయ్యగారూ, ఇదంతా వదినకి తెలుసా?"

"ఏదంతా?"

"అదే... ఈ రిపేర్లు."

"తెలియకపోవడమేంటి చెల్లెమ్మా, ఆవిడ కోసమే కదా చేస్తున్నది!"

ఆమె ఏదో అనబోయి గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. వీళ్ళందరూ ఏదో ఒకటి అనబోయేవాళ్ళే. ఎవరూ అనరు.

14, శనివారం

ఇవాళ అసలు పని జరిగింది, రాసుకోవాలి.

గ్యాస్ సిలిండర్ కట్టేసి, గొట్టం విప్పి, ఫ్రిజ్‌ని ఇద్దరం కలిసి బయటికి లాగాం. గూడు లోపల పాత పలకకి రెండు పక్కలా నిలువునా టేకు బద్దెలు జిగురుతో అతికించి, అవతలి వైపు గోడ నిలువు చట్రానికి తగిలేలా పొడుగు స్క్రూలు దించాం. బద్దెలు బావమరిది స్వయంగా కోసి, చివరలు గుండ్రంగా చిత్రిక పట్టి తెచ్చాడు. ఇప్పుడు ఫ్రిజ్ స్క్రూ పలకని కాకుండా బద్దెని పట్టుకుంటుంది. వెనక గాలి సందు అలాగే ఉంచాం. ఫ్రిజ్ చట్రానికి ఉన్న పాత చిల్లుల్లోంచే బిగించాం. కొత్త చిల్లు వేస్తే లోపల గొట్టాలు పగులుతాయట. నేను వేసేవాడినే. వాడు చేయి పట్టుకుని ఆపాడు.

బిగించాక అలవాటు కొద్దీ ఎర్ర చుక్కలు పెట్టాను.

"దానికీ దీనికీ సంబంధం లేదు బావా" అన్నాడు.

"ఉండనీ" అన్నాను.

వాడు చాలాసేపు ఆ సీసా వైపు చూశాడు. "ఇది అక్కదేనా?" అన్నాడు. అవునన్నాను. వాడు కూడా ఏదో అనబోయాడు.

17, మంగళవారం

పొయ్యి అయింది. నాలుగు మూలలా కింద చెక్క దిమ్మలు. గ్యాస్ గొట్టం తగిలించి, కీలు దగ్గర సబ్బు నురగ రాసి చూశాం. బుడగ రాలేదు. బుడగ వస్తే గ్యాస్ కారుతున్నట్టు.

పొయ్యి మీద టీ పెట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. ఎదురుగా దుంగలు. ఇంట్లో ఈ టైముకి ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు బకెట్లో పెట్టుకుని కూర్చుంటుంది. నేను వార్తలు చదివి వినిపిస్తాను. ఆవిడ వినేదో లేదో. ఎప్పుడూ అడగలేదు.

బెంగగా ఉంది. రిపేరు సంగతులు మాత్రమే రాస్తానన్నాను, కానీ బెంగగా ఉంది.

19, గురువారం

మైక్రోవేవ్ బిగించాం. దీనికోసం వాడు డిపోలో ఉన్నవాటిలోకెల్లా గట్టి చెక్క ఏరాడు. వెనకొకటి, కిందొకటి, పక్కల రెండు. చిట్టచివర బావమరిది దాన్ని పట్టుకుని వేలాడాడు. మనిషి తొంభై కిలోలుంటాడు. కిక్కురుమనలేదు.

"బండి ముక్కలైనా ఇది మాత్రం ఇక్కడే ఉంటుంది బావా" అన్నాడు.

జబ్బలు చరుచుకోవాలనిపించింది. సీసాలో రంగు అడుగంటింది.

20, శుక్రవారం

ఇక నడిపి చూడాలి. నిలబెట్టిన బండిలో ఏదీ కదలదని వాడన్న మాట మనసులో పడిపోయింది. బండి లాగే కొక్కెం మా కారుకే ఉంది, కారు ఆవిడ దగ్గరుంది.

మెసేజ్ పెట్టాను. "ఆదివారం రెండు గంటలు కారు కావాలి. తమ్ముడు వచ్చి తీసుకుంటాడు."

21, శనివారం

పొద్దున్న జవాబొచ్చింది. "తమ్ముడెందుకు. నేనే తెస్తా. నేనే నడుపుతా."

గడ్డం గీసుకున్నాను. బండి మూడుసార్లు ఊడ్చాను.

22, ఆదివారం

వచ్చింది. డ్యూటీ తెల్ల చీర కాకుండా వేరే చీరలో చూసి చాలా రోజులైంది. కాస్త చిక్కింది. నేనూ చిక్కానేమో, "తింటున్నారా?" అంది. తింటున్నానన్నాను. బావమరిది కొక్కెం తగిలించి, బండి ఏమైనా కాలితే ఫోన్ చేయమని చెప్పి, భార్యని రెక్క పట్టుకుని ఇంట్లోకి లాక్కుపోయాడు.

రోడ్డు మీద వెనక బండిలో మనిషి ఉండకూడదు. కానీ ఏది కదులుతోందో తెలియాలంటే లోపల ఒకరుండి వినాలి. ఆదివారం డిపోకి సెలవు, దుంగల వరసల మధ్య లారీలు తిరిగే మట్టిదారి ఖాళీ. నడిచినంత వేగంతో రెండు చుట్లు తిప్పమన్నాను. నేను లోపల కింద కూర్చుని, ఫోన్ స్పీకర్లో పెట్టి గట్టు మీద ఉంచాను.

బండి కదిలింది. గుంటల్లో పడుతూ లేస్తూ గిన్నెలూ తలుపులూ నా పళ్ళూ అన్నీ మోగాయి. ఫ్రిజ్ కదల్లేదు. పొయ్యి కదల్లేదు.

"ఎడమకి తిప్పుతున్నా, పట్టుకోండి" అంది ఫోన్లో.

లేచి మైక్రోవేవ్‌ని వాటేసుకున్నాను. అది పట్టుకునే అవసరమే లేదు, నిజానికి అదే నన్ను పట్టుకుంది.

"ఏమైనా కదులుతోందా?"

"లేదు."

"నేను ఆ స్కూలుకి ఒప్పుకున్నానండీ."

దారి గతుకులుగా ఉంది. సరిగ్గా వినలేదనుకుందామనుకున్నాను. స్పష్టంగానే వినపడింది.

"మొన్న చెప్పేశాను. వచ్చే నెలలో చేరతా." కాసేపు ఇంజను చప్పుడు. "మీ ఎదురుగా కూచుంటే చెప్పలేను. మీరు అటు, నేను ఇటు ఉన్నాం కాబట్టి చెప్తున్నా. వింటున్నారా?"

"వింటున్నా."

"ఆ రోజు అది చెప్పుల మీద పడినందుకు నాకు కోపం రాలేదు. తలుపు తీసి చూస్తే భయమేసింది. ఇక నా మిగతా రోజులన్నీ ఈ పెట్టెలో సర్దుకోవాలా అనిపించింది. కొండలు చూడాలని ఎప్పుడైనా అన్నానా నేను? బండి కావాలన్నానా? మైక్రోవేవ్ కావాలన్నానా?"

"నీ కోసమే కదా..."

"నాకోసమేనండీ. కాదనను. కుడికి తిప్పుతున్నా."

తిప్పింది. నేను మైక్రోవేవ్‌తో పాటు ఒరిగాను.

"షాపుకొచ్చిన ప్రతివాళ్ళనీ కూచోబెట్టి అడుగుతారు, ఎక్కడ నొక్కుతోందండీ అని. ఊళ్ళో వాళ్ళంతా మెచ్చుకుంటారు. నేను ఆ మాట మీ నోట వినాలంటే కళ్ళజోడు కొనుక్కోవాలా?"

బండి ఆగింది. ఆవిడ దిగి వచ్చి తలుపు తీసింది. నేనింకా దాన్ని కౌగలించుకునే ఉన్నాను.

"చూశావా, ఏదీ కదల్లేదు" అన్నాను. లోకంలో ఇన్ని మాటలుంటే నాకు దొరికింది అది.

ఆవిడ వినలేదు. స్క్రూల వైపు చూస్తోంది. పొయ్యి మూలల్లో, ఫ్రిజ్ పక్కన, మైక్రోవేవ్ చుట్టూ. గోరుతో ఒక ఎర్ర చుక్కని గీకి చూసింది.

"ఇది నా సీసానా?"

"వాడడం లేదు కదా అని..."

"డ్యూటీలో వేసుకోకూడదండీ. ఆఖరి రోజు ఇంటికొచ్చి వేసుకుందామని కొనుక్కున్నా. ముప్పై ఏళ్ళలో నాకోసం కొనుక్కున్న మొదటి సీసా. ఎక్కడ పెట్టానో అని ఇల్లంతా వెతికా."

కోపంగా అని ఉంటే బాగుండేది. మామూలుగా అంది. కొక్కెం తనే విప్పుకుని వెళ్ళిపోయింది.

23, సోమవారం

షాపుకి వెళ్ళలేదు.

24, మంగళవారం

వెళ్ళాను. ఒకావిడ కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. "ఎక్కడ నొక్కుతోందమ్మా" అని అడగబోయి ఆగిపోయాను. ఆవిడే, "చెవి దగ్గరండీ" అని చెప్పింది పాపం.

26, గురువారం

రెండు రోజులుగా ఫోన్ తీస్తున్నాను, పెడుతున్నాను. ఏం చెప్పాలో ఒక కాగితం మీద రాసుకున్నాను, అందులో మూడొంతులు బండి గురించే ఉంది. చింపేశాను.

సాయంత్రం చేశాను. ఎత్తింది.

"చెప్పండి."

"ఎక్కడ నొక్కుతోంది?" అన్నాను.

కట్ అయిందేమో అని చూశాను, కాలేదు. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆవిడకీ సరిగ్గా తెలియదు. మొదట వార్తల దగ్గర మొదలుపెట్టింది. కాళ్ళు నొప్పిగా ఉన్నప్పుడు వార్తలు వినడమంటే తలనొప్పట. తర్వాత బండి దగ్గరికొచ్చింది. ఆ తర్వాత ఎప్పటివో, నాకసలు గుర్తే లేనివి. మధ్యలో రెండుసార్లు, "అది కాదండీ" అన్నాను. రెండోసారి ఆవిడ ఆగిపోయింది. "సరే, చెప్పు" అన్నాను. మళ్ళీ మొదలుపెట్టింది. షాపులో అయితే అరగంట. ఇది అన్నం టైము దాటిపోయింది.

చివర్లో, "మీకు విసుగు రాలేదా?" అంది.

వచ్చింది, మధ్యలో. అదే చెప్పాను. ఈసారి కచ్చితంగా నవ్వింది.

"శనివారం వస్తా. ఈలోగా ఆ మైక్రోవేవ్ తీసేయండి. దాన్ని చూస్తే నా కాళ్ళు జివ్వుమంటున్నాయి."

27, శుక్రవారం

రావడం లేదు. దిక్కుమాలిన మైక్రోవేవ్ రావడం లేదు. పొడుగు స్క్రూలు, గట్టి చెక్క, జిగురు, ఆ పైన స్క్రూ తలల గాట్లలో నిండా గడ్డకట్టిన ఎర్ర రంగు. స్క్రూడ్రైవర్ కొన పట్టడానికే సందు లేదు. బావమరిది వచ్చి చూసి నేల మీద కూర్చుని నవ్వాడు.

"నెల్రోజులు పడి నువ్వు నిజంగా బిగించింది ఇదొక్కటే బావా. దీన్నే పీకమందా అక్క?"

"నవ్వకుండా పట్టు."

పట్టాడు. రాలేదు.

28, శనివారం

మధ్యాహ్నం వచ్చింది. నిన్న ఆఖరి డ్యూటీ అయిపోయిందట. పూలగుత్తి ఒకటి ఇచ్చి పంపారట, అది కారులో వెనక సీట్లో ఉంది. నేను మైక్రోవేవ్ ముందు చెమటలు కక్కుతూ నిలబడి ఉన్నాను. ఏమీ అడగకుండా చేతిసంచీలోంచి ఒక చిన్న సీసా తీసి గట్టు మీద పెట్టింది. గోళ్ళరంగు చెరిపే మందు.

"కావలసొస్తుందని తమ్ముడు చెప్పాడు" అంది.

దూది ముంచి ఒక్కో స్క్రూ తల తుడిచాను. ఎర్రగా కారింది. గాట్లు బయటపడ్డాక కొన పట్టింది. ఆవిడ కింద చేయి పెట్టి మోసింది, నేను విప్పాను. చిట్టచివరి స్క్రూ వచ్చాక ఇద్దరం కలిసి దించి గుమ్మం బయట పెట్టాం. లోపల చతురస్రంగా ఖాళీ గూడు మిగిలింది. చుట్టూ ఎంతో శ్రద్ధగా పెట్టిన గట్టి చెక్క.

"ఇక్కడ ఏం పెట్టాలి?" అని అడిగాను.

ఆలోచించింది. తొందరపెట్టలేదు నేను. గూట్లో చేయి పెట్టి చూసింది, వెనక్కి జరిగి చూసింది.

"పుస్తకాలు. పాఠాలు చెప్పాలంటే మళ్ళీ అన్నీ చదవాలి. ముందుకి పడకుండా ఒక అడ్డబద్దె వేయగలరా?"

"వేస్తా." తర్వాత, "అక్కడ ఎక్కడ ఉంటావు?" అన్నాను.

"గది ఇస్తామన్నారు. చిన్నది. స్కూలు వెనక ఖాళీ జాగా ఉంది, ఒక బండి నిలబెట్టుకోవచ్చా అని అడిగా. తిరగడానికి కాదు, ఊరికే నిలబెట్టడానికి. సరేనన్నారు."

"మరి మనిషి?"

"మనిషి సంగతి ఎవరూ అడగలేదు ఇంకా."

చేత్తో జుట్టు సర్దుకున్నాను. ఈ వయసులో సిగ్గుచేటు.

"నేను రావచ్చా? షాపు సగం రోజులు చూసుకుంటా. మిగతా సగం అక్కడికి వస్తా. రమ్మంటేనే."

"వార్తలు చదవకుండా ఉండగలరా?"

"ఉండగలను." నిజం చెప్పాలనిపించింది. "ప్రయత్నిస్తా."

"సరే, రండి" అంది. ఎక్కువసేపు తీసుకోలేదు.

ఆ తర్వాత కిటికీ పక్కన కూర్చుని, నా దగ్గరున్న ఆ ముదురెరుపు సీసా అడిగి తీసుకుంది. అడుగున మిగిలినదాన్ని కుంచెతో గీకి గీకి ఎడమచేతి గోళ్ళకి వేసుకుంది. చేయి వెలుగులోకి చాచి చూసుకుంటుంటే నేను బద్దె కొలతలు తీసుకుంటూ దొంగచూపులు చూశాను. బాగుంది. బాగుందని పైకే చెప్పాను. మూడు గోళ్ళకే సరిపోయింది.

మిగిలిన ఏడింటికీ సోమవారం కొత్త సీసా తేవాలి. ఏ రంగో అడిగి తెస్తాను.